కదిలేది ఒక్కటే

మట్టెవాడలో మాది స్టీలు సామాన్ల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. పొద్దున్నే మా ఆయన ఉదయ్ షట్టర్ ఎత్తిన చప్పుడుతో మా రోజు మొదలవుతుంది. ఆ తర్వాత బిందెల మీద, పళ్లేల మీద పేర్లు చెక్కే మిషన్ గుర్రుమంటూ మోగుతూనే ఉంటుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మోతకు విసుగొచ్చేది. ఇప్పుడు కాసేపు వినబడకపోతే భయమేస్తుంది. నాకు చెవులే కళ్లయ్యాయి.

మా పాప సౌమ్య పుట్టిన కొన్నాళ్లకు నాకు తలనొప్పి పట్టుకుంది. బాలింతకు మామూలే అన్నారు చూడవచ్చిన వాళ్లు. ఒక ఉదయం పాపకు పాలిస్తూ పక్కకు ఒరిగిపోయానట. హనుమకొండలో దవాఖాన మంచం మీద కళ్లు తెరిచాను. పైన ఫ్యాన్ ఆగి ఉంది. మూడు రెక్కలూ విడివిడిగా కనిపిస్తున్నాయి. కానీ ముఖానికి చల్లగా గాలి తగులుతోంది, ముంగురులు నుదుటిని గీరుతున్నాయి. నర్సు తలుపు దగ్గర ఉంది. రెప్ప వేయలేదు, తల తిప్పలేదు. నర్సు నా మంచం పక్కన ఉంది. మధ్యలో ఆమె నడవలేదు. నేను కేక పెట్టాను.

డాక్టర్ రాజేశ్వర్ రావు గారు నా పక్కన కూర్చుని చాలాసేపు ఓపికగా చెప్పారు. "చూడమ్మా, మన కళ్లు చూసిందంతా మెదడు ఒక్క చోటనే చూడదు. రంగు చూసే జాగా వేరు. మనిషి ముఖం గుర్తుపట్టే జాగా వేరు. కదలిక చూసే జాగా వేరు. నీకు నెత్తురు గడ్డకట్టి ఆ కదలిక జాగానే దెబ్బతిన్నది. లోకమంతా కనబడుతది. కదులుడు మాత్రం కనబడది."

"బాగైతదా సార్?" అని అడిగాడు ఉదయ్.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన చేతులు కదలడం నేను చూడలేదు. అద్దాలు ముక్కు మీద ఉన్నాయి, తర్వాత చేతిలో ఉన్నాయి. అంతే.

ఎలా బతుకుతున్నావమ్మా అని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం. గ్లాసులోకి చాయ్ వంపితే అది గడ్డకట్టిన తీగలా నిలబడి ఉంటుంది. ఎంత నిండిందో తెలియదు, పొర్లి వేలు కాలితే తెలుస్తుంది. పాలు పొంగి స్టవ్ ఆరిపోయే చప్పుడు వినబడ్డాకే పొంగాయని తెలుస్తుంది. ఎవరైనా మాట్లాడుతుంటే మాట వినబడుతుంది, పెదాలు మాత్రం బొమ్మకు ఉన్నట్టే ఉంటాయి. రోడ్డు దాటడం మానేశాను. దూరంగా ఉన్న బస్సు ముఖం మీదికొచ్చి నిలబడుతుంది. వచ్చింది అనడానికి లేదు. ఉంది, అంతే.

అన్నిటికంటే పాప విషయంలో గోస పడ్డాను. పాకుతున్న పిల్ల ఎక్కడుందో తెలియక కాళ్లకు గజ్జెల పట్టీలు వేయించాను. ఘల్లుమన్న వైపు చేతులు చాచేదాన్ని. ఒక రోజు మా అత్తమ్మ కమల గట్టిగా అరిచింది. "మానసా, సూడే! నడుస్తాందే నీ బిడ్డ!" ఉదయ్ చప్పట్లు కొడుతున్నాడు. నేను కళ్లు పెద్దవి చేసి చూశాను. సౌమ్య మంచం పట్టుకుని ఉంది. సౌమ్య గడప దగ్గర ఉంది. నా బిడ్డ మొదటి అడుగు అందరూ చూశారు, నేను తప్ప. ఆ రాత్రి దిండులో ముఖం పెట్టి ఏడ్చాను. దేవుడా, ఒక్క అడుగు చూపించు, ఒక్కటంటే ఒక్కటి, అని.

ఈ వానాకాలం మొదట్లో అది జరిగింది.

మధ్యాహ్నం మిద్దె మీదికి బట్టలు తీయడానికి వెళ్లాను. తీగల మీద చీరలు గాలికి ఉబ్బి అలాగే ఆగిపోయి ఉన్నాయి. ఆకాశంలో గద్ద ఒకటి అతికించినట్టు ఉంది. బట్టలు చేతిమీద వేసుకుంటూ తల ఎత్తాను. గల్లీ అవతల మిద్దె మీద ఒక ఆడమనిషి నడుస్తోంది.

నడుస్తోంది.

పాదం లేచింది. ముందుకు వచ్చింది. నేల మీద ఆనింది. రెండో పాదం లేచింది. చీర కుచ్చెళ్లు ఆ అడుగుకు ఊగాయి. బూడిదరంగు చీర, నడివయసు, మామూలు మనిషి. పిట్టగోడ వెంట ఆ మూల నుంచి ఈ మూలకు నడిచి, తిరిగి వెనక్కి నడిచింది. నా చేతిలో బట్టలన్నీ కింద పడ్డాయి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. కదలిక ఇంత అందంగా ఉంటుందని మరిచిపోయాను.

మెట్లు తడుముకుంటూ కిందికి పరుగెత్తాను. "ఏమండీ! నాకు కనబడింది! మనిషి నడుసుడు కనబడింది!"

ఉదయ్ నా ముఖం ముందు చేయి పెట్టాడు. "ఇప్పుడు ఊపుతాన. కనబడుతాందా?"

చేయి ఎడమ పక్కన ఉంది. చేయి కుడి పక్కన ఉంది. నేను తల అడ్డంగా ఊపాను. అతని గొంతు తగ్గింది. "పోనీలే. మెల్లమెల్లగ వస్తదేమో. ఫికర్ చేయకు."

మరునాడు అత్తమ్మ భద్రకాళి గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. నేను మిద్దె మీదికి వెళ్లాను. ఆమె నడుస్తూనే ఉంది. అప్పటి నుంచి నాకు అదే పని అయింది. దప్పికతో ఉన్నవాళ్లు నీళ్లను చూసినట్టు ఆమెను చూసేదాన్ని. కాకి ఆగిపోయి ఉండేది, గాలిపటం ఆగిపోయి ఉండేది, పక్క మిద్దె మీద పిల్లలు గాల్లో ఎగిరి అలాగే ఉండేవాళ్లు. లోకమంతటిలో ఆమె ఒక్కతే కదిలేది. ఏదో పోగొట్టుకున్నట్టు వంగి చూసేది. కొంగు సర్దుకునేది. మళ్లీ నడిచేది. ఆమె ఎటు పోతే నా తల అటు తిరిగేది.

ఒక రోజు ఆమె అది గమనించింది.

నడుస్తున్నదల్లా ఆగింది. మెల్లగా నా వైపు తిరిగింది. నేను ఇటు జరిగాను. ఆమె కళ్లు నాతోపాటు జరిగాయి. పెదాలు కదిలాయి. దవాఖానలో కళ్లు తెరిచిన నాటి నుంచి పెదాలు కదలడం చూడలేదు నేను. అంత దూరం నుంచి గొంతు వినబడలేదు గానీ, మాట తెలిసింది.

"నీకు నేను అవుపడుతున్ననా?"

పిచ్చి సంతోషంలో నేను తలూపాను.

ఆమె నవ్వింది. ఆ నవ్వు ఒక చెంప నుంచి మొదలై రెండో చెంప దాకా పాకడం మొత్తం చూశాను. అప్పుడు మొదటిసారి భయమేసి వెనక్కి జరిగాను.

అత్తమ్మను పిలిచి చూపించాను. "అగో, ఆ మిద్దె మీద నిలబడ్డది ఎవరు అత్తమ్మా?"

"ఏ మిద్దె మీద?"

"ఎదురుంగ. బూడిదరంగు చీర."

అత్తమ్మ చేయి నా భుజం మీద పడింది. చల్లగా ఉంది ఆ చేయి. "అక్కడ ఎవ్వరు లేరు బిడ్డా. కిందికి పోదాం పా."

మరునాడు ఆమె మిద్దె మీద లేదు. గల్లీలో ఉంది. ఆగిపోయిన స్కూటర్ల మధ్య నుంచి నడుచుకుంటూ మా ఇంటి వైపు చూస్తోంది. ఆ తర్వాత మా మెట్ల మొదట్లో కనబడింది. ఒక సాయంత్రం వంటింట్లో అన్నం వారుస్తూ తల తిప్పితే, గుమ్మం పక్కన గోడకు ఆనుకుని ఉంది. అత్తమ్మ వంటింట్లోకి వచ్చింది, ఆమె భుజానికి భుజం తగిలేంత దగ్గరగా. అత్తమ్మకు తెలియలేదు. ఆమె అత్తమ్మను చూడలేదు. నన్నూ చూడలేదు. నేల మీద గిన్నెలు పేర్చుకుంటున్న సౌమ్యను చూస్తోంది.

అప్పటి నుంచి పాపను చంక దించలేదు. దించితే కొంగుకు ముడేసుకునేదాన్ని. అత్తమ్మ ఉప్పు దిష్టి తీసింది, పాప మెడలో తాయెత్తు కట్టింది. ఉదయ్‌తో చెప్పాను. మెల్లగా అన్నాడు. "డాక్టర్ దగ్గరికి పోదాం మానసా. దెబ్బ తగిలిన జాగాల ఏదో అయితాంది. అంతే."

"నేను పిచ్చిదాన్ననుకుంటానవా?"

"నేను గట్ల అన్లేదు."

అతని ముఖం చూశాను. ముఖాల్లో వచ్చిపోయేది నాకు కనబడదు. అతను అబద్ధం చెబుతున్నాడో, ఏడుస్తున్నాడో తెలియలేదు.

దవాఖానకు వెళ్లాల్సిన రోజుకు ముందటి సాయంత్రం వాన పట్టుకుంది. అత్తమ్మ మొక్కు తీర్చడానికి గుడికి వెళ్లి వానలో చిక్కుకుంది. కింద పెళ్లి సామాన్లకు వచ్చిన వాళ్లతో దుకాణం నిండింది. కిటికీలో వాన గాజుకడ్డీల్లా వేలాడుతోంది. తడి మట్టి వాసన, దాని వెనక ఇంకేదో వాసన… చాలాకాలం మూసి ఉంచిన పెట్టె తెరిచినట్టు.

కరెంట్ పోయింది. పేర్లు చెక్కే మిషన్ ఆగిపోయింది.

సౌమ్యను మంచం మీద కూర్చోబెట్టి కొవ్వొత్తి కోసం అల్మారా తెరిచాను. రెండడుగుల దూరం కూడా లేదు. అగ్గిపుల్ల గీశాను. మంట ఆకులా నిలబడింది. వెనక్కి తిరిగాను.

మంచం మీద పాప లేదు.

"సౌమ్యా…"

ఘల్లు… ఘల్లు… గజ్జెల చప్పుడు ముందు గదిలో.

"సౌమ్యా, ఇటు రా బిడ్డా. అమ్మ దగ్గరికి రా."

చప్పుడు ఆగింది. చెవులు రిక్కించాను. వాన హోరు. కింద ఎవరో బిందె దొర్లించిన మోత. మళ్లీ ఘల్లు… ఇప్పుడు దూరంగా. మెట్ల తలుపు దగ్గర. కొవ్వొత్తి పట్టుకుని ముందు గదిలోకి వచ్చాను. గోడ, కుర్చీ, టీవీ… అన్నీ ఆగిపోయి ఉన్నాయి. సౌమ్య తలుపు దగ్గర ఉంది, నాకు వీపు పెట్టి, చేతులు పైకి చాచి. ఎత్తుకోమని పిల్లలు చాచినట్టు.

తలుపు పక్క చీకటి కదిలింది.

రెండు చేతులు చీకట్లోంచి వచ్చాయి. మెల్లగా. పద్ధతిగా. పాప చంకల కింద చేరాయి. బూడిదరంగు కొంగు జారింది. ఆమె వంగింది… లేచింది. సౌమ్య తల ఆమె భుజం మీద ఉంది. నేను అరిచాను. ముందుకు దూకాను. కుర్చీ కాలికి తగిలి బోర్లా పడ్డాను. కొవ్వొత్తి ఆరిపోయింది.

పాకాను. గడప చేతికి తగిలింది. కింద దుకాణంలో వెలిగించిన లైటు మెట్ల మీద పడుతోంది. ఆమె దిగుతోంది. ఒక్కో మెట్టు… ఒక్కో మెట్టు. భుజం మీద నుంచి నా బిడ్డ ముఖం నన్ను చూస్తోంది. నవ్వుతున్న ముఖం. ఆ తర్వాత అదే చోట భయపడిన ముఖం. ఆ తర్వాత చేయి ఒక్కటే, నా వైపు చాచిన చేయి. ఆ తర్వాత మెట్లు ఖాళీ.

"సౌమ్యా!"

వెనక నుంచి ఘల్లుమంది.

నా పడక గదిలో నుంచి.

తల తిప్పాను. మెట్ల మీది వెలుగు గదిలోకి సన్నగా పడుతోంది. ఆ వెలుగులోకి చిన్న పాదం వచ్చింది. లేచింది… ముందుకు సాగింది… నేలకు ఆనింది. మడమ, తర్వాత వేళ్లు. రెండో పాదం లేచింది. గజ్జెలు ఊగడం కూడా కనబడింది. అదే గౌను. మెడలో అదే తాయెత్తు. అవే ఉంగరాల జుట్టు. నా బిడ్డ నడుచుకుంటూ నా దగ్గరికి వస్తోంది. నేను దేవుణ్ణి అడుక్కున్న అడుగులు, ఒకదాని వెంట ఒకటి.

"అమ్మ," అంది. పెదాలు కలిసి విడిపోవడం చూశాను.

నా కేక విని ఉదయ్ దుకాణంలోంచి వచ్చేసరికి నేను మెట్లు దొర్లి గల్లీలో పడి ఉన్నానట. లేచి వానలో నిలబడి కనబడిన ప్రతి మనిషినీ పట్టుకుని నా బిడ్డను చూశారా, నా బిడ్డను చూశారా అని అడిగానట. ఉదయ్ పైకి పోయొచ్చి నన్ను పట్టుకున్నాడు. అతని చంకలో ఆ పిల్ల ఉంది.

"ఏమైందే నీకు? పాప ఇంట్లనే ఉంది కదా! ఇగో, సూడు!"

ఆ పిల్ల తల తిప్పి నన్ను చూసింది. ఆ తిప్పడం మొత్తం చూశాను.

దాన్ని ముట్టుకోలేదు నేను. అన్నం తినిపించలేదు. అత్తమ్మ ఏడ్చింది. "కన్నబిడ్డను గట్ల దూరం పెడతవా? నీకు చేతులెట్ల వస్తానయే?" పుట్టుమచ్చలు చూపించింది. అన్నీ ఉన్నాయి. పాప తినేవే తింటోంది, పాప పలికే మాటలే పలుకుతోంది. అది నిద్రపోతుంటే గది మూలన కూర్చుని చూసేదాన్ని. ఉదయ్ ఛాతీ రాయిలా ఉండేది. దాని ఛాతీ లేచేది… పడేది… లేచేది. నా బిడ్డ ఎక్కడుందో, తిన్నదో లేదో, ఎవరి పక్కన పడుకుందో ఎవరినని అడగను? పోలీసులకు ఏమని చెప్పను?

నాలుగు రోజులు ఆలస్యంగా దవాఖానకు వెళ్తే రాజేశ్వర్ రావు గారు అంతా విన్నారు. కంప్యూటర్ తెర మీద తెల్లచుక్కలు చూపించి ఎటు పోతున్నాయో చెప్పమన్నారు. ఎటూ పోవడం లేదు. నర్సును గదిలో నడవమన్నారు. కనబడలేదు. చివరికి పిల్లను కిందికి దించి పిలవమని ఉదయ్‌కు చెప్పారు.

"ఇప్పుడు?"

"నడుస్తాంది సార్. ఎడమ కాలు… కుడి కాలు… ఆగింది. వంగింది. పెన్ను తీసుకున్నది."

మళ్లీ మళ్లీ పరీక్ష చేశారు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు నేను.

"నేను ఇట్లాంటిది చూడలేదు," అన్నారాయన. "కానీ మెదడు చిత్రమైందమ్మా. ఒక బాట మూసుకుపోతే ఇంకో బాట వెతుక్కుంటది. నీకు లోకంల అన్నిటికంటె ఏది చూడాలని ఉన్నదో, ముందు దానికే బాట తెరిచిందేమో. భయపడకు. అది నీ బిడ్డ. అందుకే నీకు కనబడుతాంది."

ఉదయ్ భోరుమన్నాడు. నా చేయి పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. "విన్నవా? నీ బిడ్డ కాబట్టే మానసా. నీ బిడ్డ కాబట్టే."

ఎంత కావాలనిపించిందో ఆ మాట. నీళ్లలో మునిగిపోయేవాళ్లకు అందిన చేయిలా ఉంది. అలసిపోయాను నేను. నమ్మాలనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఉదయ్ పిల్లను నా ఒళ్లో కూర్చోబెడితే వద్దనలేదు. వెచ్చగా ఉంది. తలకు రాసిన కొబ్బరినూనె వాసన. మెల్లగా చేయి వేసి దగ్గరికి తీసుకున్నాను. నడినెత్తి మీద ముద్దు పెట్టుకున్నాను. ఉదయ్ ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది.

చౌరస్తాలో ఆటో ఆగింది. చుట్టూ హారన్లు. బండ్లు, బస్సులు, మనుషులు, అంతా ఎప్పటిలాగే ఒక పెద్ద ఫోటో. పొద్దు వాలుతోంది. బట్టల దుకాణాల లైట్లు వెలుగుతున్నాయి.

ఆ ఫోటోలో ఒకటి కదిలింది.

బూడిదరంగు చీర. ఆగిపోయిన జనం మధ్య నుంచి, బండ్ల సందుల్లోంచి తీరుబడిగా నడుస్తూ రోడ్డు దాటుతోంది. ఆమె చంకలో ఒక పిల్ల ఉంది. ఆ పిల్ల కదలడం లేదు. ముఖం పక్కకు ఉంది. ముఖం నా వైపు ఉంది. నోరు మూసి ఉంది. నోరు తెరిచి ఉంది… ఏడుపుకు తెరిచిన నోరు. చేతులు రెండూ నా వైపు చాచి ఉన్నాయి.

లోకంలో అందరి పిల్లల్లాగే. కదలకుండా.

"ఉదయ్… అగో… అగో నా బిడ్డ! ఆటో దిగనియ్! నన్ను దింపు!"

"మానసా, ఆగు! బండ్లున్నయ్! మానసా!"

అతని చేయి నా చేతిని గట్టిగా పట్టింది. గుంజుకున్నాను. రోడ్డు మీద కాలు పెట్టబోయాను. ఏ బండి వస్తోందో, ఏది ఆగిందో నాకు తెలియదు. హారన్ ఒకటి చెవి పక్కనే మోగింది. ఆమె జనం అంచుకు చేరుకుంది. చంకలోని పిల్ల చాచిన చేతులు ఇంకా నా వైపే…

అప్పుడు నా ఒళ్లో ఉన్నది మెల్లగా ఇటు తిరిగింది. నా ముఖంలోకి చూసింది. రెండు చిన్న అరచేతులు పైకి లేచాయి. అవి నా కళ్ల మీదికి రావడం, మొదటి నుంచి చివరి దాకా, వెలుగు పూర్తిగా పోయేదాకా, చూశాను.